మా ఇంటి నుంచి కర్ర రాదు

ఇసుకలపాలెం,
ఫిబ్రవరి 3, 1997.

తమ్ముడు ఢిల్లేశ్వరరావుకు,

క్షేమమని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. మన చిన్నవాడు కామేశ్ పోయిన సంగతి వేరావల్ రేవులో ఉండే మన ఊరి వరహాలుకు ఫోను చేసి చెప్పారట. నువ్వు పనిచేసే బోటు అప్పటికి సముద్రం మీద ఉందని, ఒడ్డుకు వచ్చేదాకా నీకు తెలియలేదని విన్నాను. కర్మకు నువ్వు రాలేదని ఇక్కడ ఎవరూ తప్పు పట్టలేదు. గుజరాత్ నుంచి రావాలంటే ఎన్ని రైళ్లు మారాలో అందరికీ తెలుసు.

ఎలా జరిగిందో నా నోటితో నువ్వు వినాలి. గెడ్డ సముద్రంలో కలిసే మొగ దగ్గర గెడ్డవూరి వాళ్ల బోటు మన వల మీదికి ఎక్కింది. వల తెగింది. ఏటా జరిగే గొడవే. ఈసారి మాటామాటా పెరిగి, కామేశ్ వాళ్ల బోటు అంచు పట్టుకుని ఊపాడు. సన్యాసమ్మ కొడుకు ధనుంజయ్ తెడ్డు ఎత్తి తలమీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. నేను ఒడ్డున గంప దగ్గరే ఉన్నాను, నా కళ్లతో చూశాను. జీపులో సోంపేట ఆసుపత్రికి వెళుతుంటే వాడి తల నా ఒళ్లోనే ఉంది. కొబ్బరి తోటలు దాటకముందే చేతులు చల్లబడ్డాయి. అమ్మ పోయాక మీ ఇద్దరికీ అన్నం కలిపి పెట్టినదాన్ని నేను. ఇంతకంటే ఏం రాయను.

ఇక రాయవలసిన మాట. వేరేవాళ్లు చెబితే ఇంకోలా చెబుతారు. ఇంటికో మగవాడు కర్ర పట్టుకుని గెడ్డవూరి మీదికి పోవాలని ఊరిపెద్ద గోపాలరావు కబురు పెట్టాడు. మీ బావ కూర్మారావు రానన్నాడు. నేనూ వెళ్లొద్దన్నాను. మేమిద్దరం బాప్తిస్మం తీసుకున్ననాడు మనిషి మీద చెయ్యి ఎత్తమని ప్రభువుకు మాటిచ్చాం. ఎవరో పోతే నిలబెట్టుకుని, సొంత తమ్ముడు పోతే వదిలేసే మాట కాదు అది.

కామేశ్ భార్య అమ్ములు మా దగ్గరే ఉంది. నేను పెట్టిన అన్నం తింటుంది కానీ నాతో మాట్లాడదు.

నువ్వు వేళకు తింటున్నావా? అక్కడి వంటవాడు కూరలో బెల్లం వేస్తాడన్నావు. ఎండు నెత్తళ్లు పంపుదామంటే అటు వచ్చేవాళ్లెవరూ లేరు.

నీ అప్ప,
తవిటమ్మ


వేరావల్,
ఫిబ్రవరి 21, 1997.

అప్పకు,

బోటు ఎక్కబోతుంటే నీ ఉత్తరం అందింది. ఐసు పెట్టెల మధ్య కూర్చుని చదివాను. కామేశ్ గురించి రాసినంతవరకు ఏడ్చాను. తర్వాత రాసింది చదివాక ఏడుపు ఆగిపోయింది.

బావ ఎలాంటి మనిషో నాకు తెలియదా? నా చిన్నప్పుడు గెడ్డవూరి గుంపు మన వలలు ఎత్తుకుపోవడానికి వస్తే, ఒడ్డున ఒక్కడే నిలబడి తరిమాడు. ఆ రోజు నుంచి నేను బావలా నడవడం నేర్చుకున్నాను. ఆ మనిషికి మీ సోంపేట పాస్టరు గాజులు తొడిగి కూర్చోబెట్టాడు. ముందు ఆయనతోనే మాట్లాడాలి నేను. మీ ప్రభువుకు తోడబుట్టిన వాళ్లెవరూ లేరా అని అడగాలి.

కామేశ్ నీకు కొడుకుతో సమానం అంటావు. కొడుకు చచ్చిపోతే పాటలు పాడుకుంటూ కూర్చుంటారా ఎవరైనా? ఇక్కడ మనవాళ్లు నా మొహం వైపు చూడటం లేదు. చూసినా నీ గురించే అడుగుతున్నారు. ఏం చెప్పను?

సీజను మే నెలాఖరుకు అయిపోతుంది. బావ చేతికి కర్ర బరువైతే నా చేతికి ఇవ్వు. ఆ ధనుంజయ్ అప్పటిదాకా బతికి ఉంటే చాలు.

అమ్ములును జాగ్రత్తగా చూసుకో. నీతో మాట్లాడటం లేదంటే ఆ పిల్లకు బుద్ధి ఉన్నట్టే.

ఢిల్లేశ్వరరావు


ఇసుకలపాలెం,
మార్చి 12, 1997.

తమ్ముడూ,

నీ కోపం నీ ఉత్తరంలో సరిపోయినంత ఉంది. నాకు ఇంకా ఎక్కువ ఉంది, అది నీకు తెలియదు.

పాస్టరుగారి మీద ఊరికే విరుచుకుపడ్డావు. ఆయన మాకు గాజులు తొడగలేదు. సోంపేట నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆయన అడిగింది ఏమిటో తెలుసా? "అమ్మా, కూర్మారావును ఓ కర్ర పట్టుకుని వెనకాల నిలబడమనండి. కొట్టక్కర్లేదు. దావీదు రాజు కూడా యుద్ధాలు చేశాడు కదా. ఊరికి ఎదురు తిరిగితే రేపు మన సంఘాన్నే ఇక్కడికి రానివ్వరు." మంచివాడే, భయపడ్డాడు. నేనన్నాను: "ఎనకాల నిలబడ్డ కర్రా కర్రేనండి, పాస్టరుగారూ. దాన్ని సూసుకునే ముందున్నోడు కొడతాడు." ఆయన టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ ఆదివారం నుంచి ప్రార్థనకు మేము సోంపేట వెళుతున్నాం. ఆయన ఇటు రావడం లేదు.

గంగమ్మ గుడి అరుగు మీద పెద్దలు కూర్చుని మమ్మల్ని పిలిచారు. గోపాలరావు అడిగాడు, "తమ్ముడి రగతం నీకు నీళ్లనాగుందేటి తవిటీ?"

"ఆ రగతం నా సీర మీద ఎండింది, మావా. నాకు సెప్పకు."

"మరి నీ మొగుడు పిరికోడేటి?"

మీ బావ లేచి నిలబడ్డాడు. "నాను పిరికోడినో కాదో నీకు తెల్దేటి? నీ పక్కనుండే కదా ఆ కొట్లాటలన్నీ సేసినాను. సాలు. ఇంక సెయ్యను." ఎవరో ఆయన మీద ఉమ్మారు. తువ్వాలుతో తుడుచుకుని అక్కడే నిలబడ్డాడు.

అప్పుడు నేను చెప్పాను: "మా ఇంటి నుంచి ఏడుపొత్తాది, సాచ్చికమొత్తాది. కర్ర రాదు."

వెలి వేశారు. వలలో వాటా లేదు, ఒడ్డున చేపల వేలంపాటలో నాకు చోటు లేదు, బోరింగు దగ్గర మా బిందె పెట్టనివ్వరు. మీ బావ కవిటిలో కొబ్బరికాయలు ఒలిచే పనికి పోతున్నాడు. నేను పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరాను. సోమవారం వెళ్లి శనివారం వస్తాను. జీడి చమురుకు వేళ్లన్నీ నల్లబడ్డాయి.

పాటలు పాడుకుంటూ కూర్చున్నామన్నావు. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమన్నాడు ప్రభువు. పారిపొమ్మనలేదు. రెండో చెంప చూపించాలంటే కొట్టినవాడి ఎదుటే నిలబడాలి, వాడి కళ్లలోకి చూడాలి. అది మేము ఇప్పుడు మన ఊరి ఎదుటే చేస్తున్నాం. కర్ర పట్టుకోవడం ఇంతకంటే తేలిక.

నీ అప్ప


వేరావల్,
ఏప్రిల్ 6, 1997.

అప్పకు,

ఎక్కువ రాయను. వరహాలు ఊరికి ఫోను చేసి వచ్చి, పదిమంది ముందు చెప్పాడు. నువ్వు గెడ్డవూరు వెళ్లావట. ధనుంజయ్ తల్లి సన్యాసమ్మ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నావట. మనవాళ్లు వాళ్ల బోట్లు కాల్చడానికి వెళితే, ఆ చంపినవాడి బోటులోనే ఎక్కి కూర్చున్నావట.

కర్ర పట్టకపోతే పట్టకపోయావు. వాళ్ల పక్షం చేరతావనుకోలేదు.

ఇది నిజం కాకపోతే కాదని రాయి. నిజమైతే ఇంక నాకు ఉత్తరం రాయకు.

ఢిల్లేశ్వరరావు


ఇసుకలపాలెం,
ఏప్రిల్ 20, 1997.

తమ్ముడూ,

సగం నిజం, సగం అబద్ధం. అందుకే రాస్తున్నాను. అక్షరాలు చూసి కంగారు పడకు, ఇవి అమ్ములువి. నా కుడి మణికట్టుకు కట్టు ఉంది. నేను చెబుతుంటే ఆ పిల్ల రాస్తోంది.

గెడ్డవూరు వెళ్లిన మాట నిజం. మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా ఒడ్డు వెంట నడిచి వెళ్లాను. సన్యాసమ్మ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నీ కొడుకుని ఏడ దాసినావు?" అన్నాను. వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి లాగింది. తర్వాత, "బయిటికొత్తే మీవోళ్లు నరికేత్తారమ్మా," అంది.

"నరకరని నాను సెప్పలేను. నరకడానికొత్తే నాను అడ్డముంటాను. నువ్వు ఆడిని పోలీసుటేసనుకి తీసుకెల్లు. దాసినంతకాలం నా తమ్ముడు సచ్చినట్టు కూడా లేదు నాకు."

అన్నం తినలేదు. పెట్టినా దిగేది కాదు. చెంబుతో మంచినీళ్లు ఇచ్చింది. ఎండన పడి వెళ్లాను, తాగాను.

ఆ తర్వాతి ఆదివారం తెల్లవారుతుండగా మనవాళ్లు కిరసనాయిలు డబ్బాలు పట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయారు. నేను మొగ మీదుగా మోకాలి లోతు నీళ్లలో అడ్డదారిన పరిగెత్తాను. ధనుంజయ్ బోటు నాకు తెలుసు కదా, ఎక్కి కూర్చున్నాను. గోపాలరావు వచ్చి చూసి, "దిగు," అన్నాడు.

"దిగను, మావా."

"నీ తమ్ముడిని సంపినోడి బోటే అది."

"తెలుసు. అందుకే ఇందల కూకున్నాను. పక్క బోటైతే ఏటి గొప్ప?"

మీ బావ నా వెనకాలే పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చున్నాడు. ముందు ఆయన వీపు మీద పడ్డాయి దెబ్బలు. బోటు అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతులు లేస్తే ఏమయ్యేదో నీకు తెలుసు. లేవలేదు. నా మీదికి వచ్చిన కర్రకు నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. కొట్టినవాడి మొహం వైపు చూశాను. వాడు కర్ర ఇసుకలో పడేశాడు. డబ్బా పట్టుకున్నవాడు డబ్బా కింద పెట్టాడు. ఒక్కొక్కరూ వెనక్కి నడిచారు. గోపాలరావు ఒక్కడే కాసేపు నిలబడి, "ఊళ్లోకి రా, సెప్తాను," అని వెళ్లిపోయాడు. వెళ్లాను. ఇక్కడే ఉన్నాను.

వాళ్ల పక్షం చేరానన్నావు. నాకు వాళ్ల మీద ప్రేమ ఉందనుకోకు. లేదు. శత్రువును ప్రేమించమన్నాడు ప్రభువు, అడుగుతూనే ఉన్నాను, ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగి ఉంటే ఆ బోట్లన్నీ బూడిదయ్యేవి. వాటి వెనక ఇళ్లు ఉన్నాయి. ఇళ్లలో అమ్ములు వయసు పిల్లలు ఉన్నారు.

నీ అప్ప

బావగారికి అమ్ములు రాస్తున్నాను. వదిన చెప్పింది చెప్పినట్టే రాశాను, నేను ఒప్పుకున్నానని కాదు. ధనుంజయ్ చావాలని నాకు ఇప్పటికీ ఉంది. మీ తమ్ముడి చొక్కా కూడా ఉతకకుండా దాచుకున్నాను. కానీ వదిన చెయ్యి విరిచింది గెడ్డవూరి వాళ్లు కాదు, నా మొగుడి కోసం వచ్చామన్నవాళ్లు. ఆ రోజు నుంచి ఆమె జడ నేనే వేస్తున్నాను. వరహాలు మాటలు నమ్మకండి.


వేరావల్,
మే 8, 1997.

అప్పకు,

అమ్ములు రాసింది నాలుగుసార్లు చదివాను. నిన్ను నానా మాటలూ అన్నాను. అది తర్వాత.

ముందు నీ చెయ్యి విరిచినవాడి పేరు రాయి. మన ఊరివాడైనా సరే, గోపాలరావు కొడుకైనా సరే. నేను లేననే కదా ఆ ధైర్యం. చెయ్యికి చెయ్యి తీసుకుంటాను. ఆ తర్వాత గెడ్డవూరు పోతాను.

నిన్న పీతల వలలో పెద్ద తాబేలు పడింది. వల కోసి దాన్ని వదిలేశాం. నీకు చెప్పాలనిపించింది, ఎందుకో తెలియదు.

కట్టు ఎప్పుడు విప్పుతారు? సోంపేటలో కాకపోతే బరంపురం తీసుకెళ్లమని బావకు చెప్పు. నెలాఖరుకు పలాసలో దిగుతాను. పేరు మాత్రం ముందే రాయి.

ఢిల్లేశ్వరరావు


ఇసుకలపాలెం,
మే 18, 1997.

తమ్ముడూ,

పేరు రాయను.

పోలీసులకు చెప్పాను. ఎస్సై అడిగితే ధనుంజయ్ పేరు చెప్పాను, నన్ను కొట్టినవాడి పేరూ చెప్పాను. దాచడం నాకు చేతకాదు. నీకు మాత్రం చెప్పను. నువ్వు అడుగుతున్నది పేరు కాదు, ఇంకో మనిషి చెయ్యి.

నీ లెక్క నాకు అర్థం కావడం లేదు. మొన్న గెడ్డవూరి వాళ్లను కొట్టాలన్నావు, ఇప్పుడు మన ఊరివాళ్లను. ఇంకో ఉత్తరం రాస్తే ఇంకెవరిని కలుపుతావో.

ధనుంజయ్‌ను సన్యాసమ్మే తీసుకొచ్చి సోంపేట పోలీసులకు అప్పగించింది. తలమీద గుడ్డ కప్పి, చెయ్యి పట్టుకుని, బస్సులో తీసుకొచ్చిందట. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. మన ఊరివాళ్లు ఫిర్యాదులో గెడ్డవూరి మగవాళ్ల పేర్లు వరసగా ఇచ్చారు, మొగ దగ్గర లేనివాళ్లవి కూడా. వాళ్లందరూ కొట్టారని నన్ను చెప్పమంటున్నారు. చెబితే వెలి తీసేస్తామన్నారు. నేను చూసింది ఒక్కణ్ణే.

నువ్వు రా. అమ్ములు నీ కోసం మామిడికాయలు దాచింది. సంచిలో కత్తి ఉంటే అది అక్కడే వదిలేసి రా. తెచ్చావంటే, బోటులో కూర్చున్నదాన్ని నీ దారిలో కూర్చోలేననుకోకు. నువ్వు నా తమ్ముడివని లేవను.

నీ అప్ప


వేరావల్,
ఆగస్టు 24, 1997.

అప్పకు,

చేరాను. బోటు బాగు చేస్తున్నారు, రెండు రోజుల్లో పోతాం. ఊళ్లో ఉన్న రెండు నెలలూ నీకు ఒక సంగతి చెప్పలేదు. ఎదురుగా చెబితే నీ మొహం చూడాల్సి వస్తుంది. అందుకని రాస్తున్నాను.

కత్తి తెచ్చాను. బోటులో ఐసు కోసే కత్తి. నువ్వు పలాసలో ఉన్న ఒక బుధవారం గెడ్డవూరు వెళ్లాను. ధనుంజయ్ జైల్లో ఉన్నాడని తెలుసు. వాడికి తమ్ముడున్నాడు. తమ్ముడికి తమ్ముడు అనుకున్నాను. ఆ పిల్లాడు పాక నీడలో వల బాగు చేసుకుంటున్నాడు. నేను ఎవరో గుర్తుపట్టాడు. లేవలేదు, అరవలేదు. మెడ వంచుకుని వల అల్లుకుంటూనే ఉన్నాడు, వేళ్లు మాత్రం ముడి పడనివ్వడం లేదు. నేను నిలబడ్డాను. "దారం వదులుగా పట్టావు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. వెనక్కి వచ్చేశాను.

ఇది నీ దేవుడి గొప్ప అని రాయకు. నాకు వాడి వయసు కామేశ్‌ను గుర్తుచేసింది, అంతే. నేను మీ ప్రార్థనకు రాను. గోపాలరావు నన్ను పిలిచి, "నీ అప్ప పరువు తీసింది, నువ్వైనా నిలబెట్టు," అంటే, అప్ప చెయ్యి ముందు అతికించు, తర్వాత పరువు సంగతి చూద్దామన్నాను. అంతవరకు నీ వైపు ఉన్నాను. మిగతాది ఒప్పుకోను.

ఒక్కటి అడుగుతాను. నువ్వు వాణ్ణి క్షమించావా? నిజం రాయి. పాస్టరు చెప్పినట్టు కాదు.

తమ్ముడు


ఇసుకలపాలెం,
ఫిబ్రవరి 17, 1999.

తమ్ముడూ,

నువ్వు ఆ ప్రశ్న అడిగి ఏడాదిన్నర అయింది. ఆ తర్వాత వచ్చినప్పుడు నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు రాస్తాను. శ్రీకాకుళం కోర్టులో తీర్పు వచ్చింది.

నన్ను బోనులో పొద్దంతా నిలబెట్టారు. మనవైపు వకీలు మిగతావాళ్ల పేర్లు కూడా చెప్పమని కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు. చెప్పలేదు. వాళ్లవైపు వకీలు లేచి, "మీరు క్రైస్తవులు కదమ్మా, మీ మతం క్షమించమంటుంది కదా, మరి ఈ అబ్బాయికి వ్యతిరేకంగా సాక్ష్యం ఎందుకు చెబుతున్నారు?" అన్నాడు. కోర్టంతా నవ్వింది. నేనన్నాను: "సచ్చినోడిని సావలేదని సెప్తే అది చమించడం కాదు బాబూ, అబద్ధం." జడ్జిగారు రాసుకున్నారు. ధనుంజయ్‌కు ఏడేళ్లు వేశారు. మిగతావాళ్లను వదిలేశారు.

వాణ్ణి వ్యానులో ఎక్కించేటప్పుడు దగ్గరికి వెళ్లాను. అమ్ములు కూడా వచ్చింది. తిట్టాలనుకున్నాను. ప్రభువు కూడా ఆపలేని తిట్లు నా నోట్లో ఉన్నాయి. వాడు మా ఇద్దరి కాళ్ల వైపే చూస్తున్నాడు. "నిన్ను సంపనివ్వలేదు నాను," అన్నాను. "అది ఊరికే సెయ్యలేదు. మనిసిలాగ తిరిగి రా." అమ్ములు అక్కడి నుంచి కదల్లేదు. వ్యాను వెళ్లేదాకా నిలబడింది. సన్యాసమ్మ మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. కొడుకును జైలుకు పంపిన నోరు నాది. తిప్పుకోనీ.

క్షమించానా అంటే, చెడు జరగాలని వాడి మీద కోరడం మానేశాను. అంతవరకు వచ్చాను. నువ్వు నిజం రాయమన్నావు కదా.

గోపాలరావు కోర్టు వరండాలోనే అన్నాడు, "అందరినీ ఒదిలేయించినావు. వెలి తీసేది లేదు." సరే, తీయకు అన్నాను. తిరుగు బస్సులో టెక్కలి దాటేదాకా మీ బావ వేళ్ల మీద డబ్బు లెక్కలు వేశాడు. తర్వాత, "మనకో తెప్ప కావాల," అన్నాడు. జీడిపిక్కల డబ్బులూ కొబ్బరికాయల డబ్బులూ కలిపి, బారువలో ఒక పాత తెప్ప తీసుకున్నాం. దుంగలు గట్టివే. తాళ్లు కొత్తవి కట్టాడు. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక, ఊరి ఒడ్డు నుంచే నీళ్లలోకి దించుతున్నాం. దించనిచ్చేది లేదని పెద్దలు చాటింపు వేయించారు. వేరే ఒడ్డు చూసుకోమని పాస్టరుగారు కబురు పంపారు. మనం పుట్టిన ఒడ్డు ఇది. వేరేది చూసుకోం.

ఆ తెప్పకు నలుగురు మనుషులు కావాలి. మీ బావ, నేను, అమ్ములు ఉన్నాం. నా మణికట్టు బరువు పట్టదు, భుజంతో తోస్తాను. కర్రలు పట్టుకుని ఎవరైనా వస్తే రానీ, మా చేతుల్లో మాత్రం తాడు ఉంటుంది. మేలో నువ్వు వచ్చి నాలుగో మనిషివైతే తేలిగ్గా కదులుతుంది. రాకపోయినా ముగ్గురం తోస్తూనే ఉంటాం.

నీ అప్ప,
తవిటమ్మ